మసీదు గేటుకు ఎదురుగా కెమెరా: సంతకం పెట్టాలా వద్దా?

కాలనీ_సెక్రటరీ
శనివారం, రాత్రి 9:42

నమస్తే అందరికీ. హనుమకొండలో మాది పాత కాలనీ, 140 ఇళ్లు. ఈ ఏడు సంఘం సెక్రటరీ పని నా నెత్తిన పడింది. ఇన్నాళ్లూ మా గొడవలన్నీ మోరీలు, వీధి కుక్కలు, నల్లా నీళ్లు. పోయిన ఆదివారం మీటింగ్‌లో మాత్రం వేరే సంగతి వచ్చింది.

ఒక బిల్డర్ నాలుగు సీసీ కెమెరాలు ఇస్తానన్నాడు. మూడింటికి చోటు నిమిషంలో తేలిపోయింది. మెయిన్ రోడ్డు మలుపు, పార్కు, గుడి ముందు. నాలుగోది వెనక గల్లీలో మసీదు గేటుకు ఎదురుగా ఉన్న కరెంటు స్తంభానికి పెట్టాలని ప్రెసిడెంట్ గారి మాట. ఎవరొస్తున్నారో ఎవరు పోతున్నారో తెలియాలి కదా అన్నారు. దానికి తోడు ఇంకో రెండు. ఆ గల్లీలో అద్దెకుండే బ్యాచిలర్ల ఆధార్ జిరాక్స్‌లు తీసుకోవాలి. సాయంత్రం మసీదులో చదువుకోవడానికి వచ్చే పిల్లల పేర్లు, వాళ్లకు చెప్పేవాళ్ల పేర్లు నోట్‌బుక్‌లో రాసి స్టేషన్‌లో ఇవ్వాలి. ఇంకొకటి తీర్మానంలో లేదు, మీటింగ్ అయ్యాక చాయ్ తాగుతూ అనుకున్నారు: ఇకమీదట "వాళ్లకు" ఇళ్లు అద్దెకివ్వొద్దని.

నేను కామర్స్ లెక్చరర్‌ని, చట్టం తెలియదు. భయం లేదని మాత్రం చెప్పను. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలిన సాయంత్రం మా తమ్ముడు అక్కడే కోచింగ్‌లో ఉన్నాడు. రెండు గంటలు ఫోన్ కలవలేదు. ఆ రెండు గంటలూ మా అమ్మ దేవుడి గది దాటి బయటికి రాలేదు. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్‌లో మతం అడిగి మరీ కాల్చారని విన్నప్పుడు మళ్లీ అదే టెన్షన్. కానీ మా ఇంట్లో ఏసీ, ఫ్రిజ్ 11 ఏళ్లుగా బాగుచేసే మనిషి ఉండేది ఆ గల్లీలోనే. అతని ముఖం ఎట్లా చూడాలన్నదీ ఉంది.

వచ్చే ఆదివారం సంతకం పెట్టాలి. ఏమంటారు?

ఓరుగల్లు_సింహం
శనివారం, రాత్రి 9:58

ఇందులో ఆలోచించడానికి ఏముంది సార్? తప్పు చేయనివాడికి కెమెరా అంటే భయమెందుకు? 2022లో నిజామాబాద్ సంగతి మర్చిపోయారా? పీఎఫ్‌ఐ (పాపులర్ ఫ్రంట్ ఆఫ్ ఇండియా) వాళ్లు పైకి కరాటే క్లాసులన్నారు. లోపల వేరే ట్రైనింగ్ అని పోలీసులు కేసు పెడితే జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏ తీసుకుంది, రెండు నెలలు తిరగకముందే పీఎఫ్‌ఐనే నిషేధించారు. అది కూడా ఎవరో ఒకరి పక్కింట్లోనే జరిగింది కదా. పెట్టండి సంతకం.

ఇద్దరు_పిల్లల_తల్లి
శనివారం, రాత్రి 10:11

మా వీధిలో మూడు నెలల్లో రెండు గొలుసులు తెంపుకుపోయారు. నాకు కెమెరా కావాలి, అది ఎటు తిరిగి ఉన్నా సరే. మతం గొడవ మీరు మీరు చూసుకోండి.

మండిబజార్_టైలర్
శనివారం, రాత్రి 10:40

సింహం తమ్మీ, నువ్వడిగిన ప్రశ్న మంచిదే. తప్పు చేయనివాడికి భయమెందుకు? చెప్తా విను.

2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో బాంబు పేలింది. తొమ్మిది మంది పోయారు, ఆ తర్వాత బయట పోలీసు కాల్పుల్లో ఇంకో ఐదుగురు. చనిపోయినవాళ్లు నమాజుకు వెళ్లినవాళ్లు. ఆ పేలుడు తర్వాత అనుమానం మీద పట్టుకున్నదీ ముస్లిం పోరగాళ్లనే. మా దూరపు చుట్టం ఒకడు అందులో ఉన్నాడు. ఏ స్టేషన్ అన్నది ఇప్పుడు వద్దు. తిరిగొచ్చాక వాడు చాలా రోజులు ఇంట్లో లైటు ఆర్పనివ్వలేదు. తర్వాత ఆ పోరగాళ్ల మీద కేసులు కోర్టులో నిలవలేదు. ప్రభుత్వం తప్పు ఒప్పుకున్నట్టు పరిహారం ఇచ్చింది. ఆ ఉత్తర్వును మళ్లీ హైకోర్టు కొట్టేసింది. అసలు కేసు సీబీఐకి, ఎన్‌ఐఏకి పోయి, హిందూ సంస్థలతో సంబంధం ఉన్నవాళ్ల మీద నడిచి, 2018 ఏప్రిల్‌లో ఆ ఐదుగురినీ కోర్టు వదిలేసింది.

ఇప్పుడు లెక్క చూడు. బాంబు పెట్టింది ఎవరో ఇప్పటికీ తేలలేదు. మావాడు దేనికి నష్టపోయాడో కూడా తేలలేదు. నాకు కెమెరా భయం లేదు తమ్మీ. కెమెరా వెనక కూర్చుని చూసేవాడి మనసులో ముందే ఒక బొమ్మ ఉంటుంది చూడు, భయం దానిది.

ఓరుగల్లు_సింహం
శనివారం, రాత్రి 10:52

అన్నా, మీవాడికి జరిగింది తప్పే, కాదనను. కానీ అదే ఏడాది ఆగస్టు 25న గోకుల్ చాట్‌లో, లుంబినీ పార్కులో నలభై మందికి పైగా చనిపోయారు. చాట్ తినడానికి పోయినవాళ్లు. వాళ్ల హక్కుల గురించి ఎవరూ మాట్లాడరు. పట్టుకుంటే హక్కులు, వదిలేస్తే శవాలు. పోలీసు ఏం చేయాలి మరి?

మాజీ_హెడ్డు
ఆదివారం, ఉదయం 6:15

రాత్రి ఫోన్ చూడలేదు. పోలీసు ఏం చేయాలని అడిగారు కాబట్టి నేనే చెప్తా. 31 ఏళ్లు ఖాకీ వేసుకున్నా, జనగామ వైపు ఎక్కువ.

ముందు ఆ నోట్‌బుక్ సంగతి. సెక్రటరీ గారూ, మీరు ఆ పేర్ల లిస్టు తెచ్చి స్టేషన్‌లో ఇస్తే రైటర్ తీసుకుంటాడు, థ్యాంక్స్ చెప్తాడు, బీరువాలో పడేస్తాడు. నలభై మంది చిన్నపిల్లల పేర్లతో మాకేం పని? నా సర్వీసులో పనికొచ్చిన సమాచారం ఎప్పుడూ ఆ గల్లీ నుంచే వచ్చింది. "సార్, మా మేనల్లుడు ఎవరితోనో తిరుగుతున్నాడు, ఒకసారి పిలిచి మాట్లాడండి" అని రాత్రి పూట చెప్పే తండ్రో, ఇమామ్ గారో ఉంటారు. మీరు వాళ్ల గేటు ముందు కెమెరా పెట్టి, పిల్లల పేర్లు రాసుకున్న రోజు నుంచి ఆ మనిషి స్టేషన్ మెట్లు ఎక్కడు. ఎందుకెక్కుతాడు? గల్లీ నోరు మూస్తే పోలీసుకు చెవులు పోయినట్టే.

అట్లని ముప్పు లేదనుకోవద్దు. 2015 ఏప్రిల్ మొదట్లో సూర్యాపేట బస్టాండ్‌లో రాత్రి పూట తనిఖీ చేస్తుంటే ఇద్దరు మావాళ్లను కాల్చి చంపారు. మూడు రోజులకు జానకీపురంలో ఆ కాల్చిన ఇద్దరూ చనిపోయారు, మా కానిస్టేబుల్ ఒకడు పోయాడు, బుల్లెట్లు తగిలిన ఎస్సై ఆస్పత్రిలో ప్రాణం విడిచాడు. వయసు చిన్నది. ఆ వారం నేను అన్నం సరిగ్గా తినలేదు. అందుకే మతం పేరుతో తుపాకీ పట్టినవాడి మీద నాకు జాలి లేదు, ఉండదు కూడా.

మండిబజార్_టైలర్
ఆదివారం, ఉదయం 7:02

హెడ్డు సాబ్, మీ మాట మీద గౌరవం ఉంది. కానీ ఆ ఏప్రిల్ 7న ఇంకోటి జరిగింది. అది కూడా చెప్పండి.

మాజీ_హెడ్డు
ఆదివారం, ఉదయం 7:30

చెప్తా. వరంగల్ సెంట్రల్ జైలు నుంచి ఐదుగురు విచారణ ఖైదీలను వ్యాన్‌లో హైదరాబాద్ కోర్టుకు తీసుకుపోతుంటే ఆలేరు దగ్గర ఎన్‌కౌంటర్ అయింది. ఐదుగురూ చనిపోయారు. తుపాకులు లాక్కోబోయారని పోలీసుల మాట. బేడీలతో సీట్లలోనే ఉన్న శవాల ఫొటోలు పేపర్లలో వచ్చాయి. ఆ వ్యాన్‌లో నేను లేను, ఉన్నవాళ్ల తరఫున మాట్లాడను.

ఒక్కటి చెప్పగలను. పోలీసులను చంపారని వాళ్లలో కొందరి మీద కేసులున్నాయి. అవి నిజమైతే కోర్టు శిక్ష వేసేది. మావాళ్లను చంపింది ఎవరో, వాళ్ల వెనక ఎవరున్నారో సాక్ష్యంతో రికార్డయ్యేది. ఇప్పుడు ఆ ఫైళ్లలో ఏమీ తేలదు. ఆ జైలు కూడా ఇప్పుడు లేదు, 2021లో కూలగొట్టి పెద్దాస్పత్రి మొదలుపెట్టారు.

నల్లకోటు_హన్మకొండ
ఆదివారం, ఉదయం 10:20

పొద్దున్నే ఇంత మంచి చర్చ చూసి కోర్టు లేని రోజు కూడా కోటు వేసుకోవాలనిపించింది. ముందు సెక్రటరీ గారి ప్రశ్న.

కాలనీ సంఘం కెమెరాలు పెట్టుకోవచ్చు. "నేను సైతం" అని పోలీసులే ప్రోత్సహించారు కూడా. దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల తర్వాత 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చట్టం ఒకటి వచ్చింది. జనం ఎక్కువగా చేరే దుకాణాలు, ఆస్పత్రులు, కాలేజీలు, ప్రార్థనా స్థలాలు తమ గుమ్మాల దగ్గర తామే కెమెరాలు పెట్టుకుని రికార్డింగ్ దాచాలి. గుడికీ మసీదుకీ చర్చికీ అదే రూలు. తమ గేటుకు తాము పెట్టుకోవడం వేరు, పక్కవాడు తెచ్చి స్తంభానికి కట్టడం వేరు.

పేర్ల లిస్టు మాత్రం ముట్టుకోకండి. 2017లో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని పుట్టస్వామి కేసులో చెప్పింది. ప్రభుత్వమే అందులో చేయి పెట్టాలంటే మూడు ఉండాలి: ఒక చట్టం, సరైన కారణం, అవసరానికి మించని కొలత. ప్రభుత్వానికే అన్ని షరతులుంటే, మోరీలు తీయించే సంఘానికి పిల్లల మత చదువు లిస్టు రాసే అధికారం ఎవరిచ్చారు?

ఇక సింహం తమ్ముడు అడిగింది. పట్టుకుంటే హక్కులు, వదిలేస్తే శవాలు అన్నాడు. చట్టం చేతులు కట్టేసి ఉందనుకుంటున్నాడు. లేదు తమ్ముడూ, చాలా పొడుగు చేతులే. 1985లో టాడా అనే ఉగ్రవాద నిరోధక చట్టం, అది 1995లో పోతే 2002లో పోటా, అది 2004లో రద్దయితే ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక) చట్టానికి పదును పెట్టారు. ముంబై దాడుల తర్వాత 2008లో మరింత. 2019 నుంచి సంస్థనే కాదు, మనిషిని కూడా టెర్రరిస్టుగా ప్రకటించవచ్చు. మామూలు కేసులో 60, 90 రోజుల్లో చార్జిషీటు వేయాలి. ఉపాలో 180 రోజుల దాకా లాగొచ్చు. బెయిల్ దాదాపు రాదు. ఇవి కాక మన రాష్ట్రంలో పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) ఉంది, కేసు తేలకుండానే ఏడాది లోపల పెట్టొచ్చు. దాన్ని చీటికి మాటికి వాడుతున్నారని 2023 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు తెలంగాణ పోలీసులకు గట్టిగానే చీవాట్లు పెట్టింది. 2022లో హైదరాబాద్ ఎమ్మెల్యే ఒకాయన మీద మత విద్వేష ప్రసంగాలని అదే పీడీ యాక్ట్ పెడితే హైకోర్టు కొట్టేసింది. అంటే ఆ కత్తి ఎవరి మెడ మీదైనా పడుతుంది. ఇవాళ పక్కవాడిదని ఊరుకుంటే రేపు ప్రభుత్వం మారుతుంది, కత్తి మాత్రం అదే.

నాకు నచ్చిన కేసు ఒకటి చెప్పి ఆపుతా. కేరళలో 2010 జూలైలో టి.జె. జోసెఫ్ అనే మలయాళం ప్రొఫెసర్ చేయి నరికారు. ప్రశ్నపత్రంలో ప్రవక్తను అవమానించాడని కోపం. ఆ కేసులో నజీబ్ అనే నిందితుడు 2015లో దొరికాడు. విచారణ లేకుండా ఐదేళ్లు లోపలే. ఇంకా 276 మంది సాక్షులు మిగిలారు. 2021లో సుప్రీంకోర్టు అతని బెయిల్ నిలబెట్టింది. ఉపా ఉన్నా సరే, మనిషిని విచారణ లేకుండా ఏళ్ల తరబడి ఉంచడం కుదరదని. అప్పట్లో చాలామంది తిట్టారు. 2023లో ఏమైంది? అదే నజీబ్‌కు యావజ్జీవం పడింది. బెయిల్ ఇస్తే కేసు పోతుందన్న భయం ఆ కేసులో నిజం కాలేదు.

ఓరుగల్లు_సింహం
ఆదివారం, ఉదయం 10:41

సార్, 2010లో చేయి నరికితే 2023లో శిక్ష. పదమూడేళ్లు! ఇదేనా మీ గొప్ప ఉదాహరణ?

నల్లకోటు_హన్మకొండ
ఆదివారం, ఉదయం 10:55

అక్కడ నువ్వన్నది కరెక్ట్, ఒప్పుకుంటా. ఇంకా దారుణం చెప్పనా, చేయి నరికాడంటున్న మొదటి నిందితుడు 2024 జనవరిలో దొరికాడు. కన్నూరు జిల్లాలో వేరే పేరుతో వడ్రంగి పని చేసుకుంటున్నాడు. ఆ ఊళ్లో కెమెరాలు లేకనా? ఆలస్యానికి మందు కోర్టులు, జడ్జీలు, ఫోరెన్సిక్ ల్యాబులు పెంచడం. దిల్‌సుఖ్‌నగర్ కేసు చూడు. 2013లో పేలుళ్లు, 2016 డిసెంబర్‌లో ఐదుగురికి ఉరిశిక్ష. 2025 ఏప్రిల్‌లో మన హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. ఎవరినీ వ్యాన్‌లో కాల్చలేదు. సాక్ష్యం పెట్టి గెలిచారు.

(ఉరిశిక్ష ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ. నేను వ్యతిరేకిని. ఇక్కడ దాన్ని లాగొద్దు.)

భైంసా_పత్తి
ఆదివారం, మధ్యాహ్నం 1:05

మీరంతా కెమెరా గురించి కొట్టుకుంటున్నారు. మా భైంసాలో గొడవ మొదలైతే ముందు పోయేది నెట్.

2020 జనవరి 12, ఆదివారం రాత్రి. సంక్రాంతి ముందు. చిన్న గొడవ, కాసేపట్లో ఇళ్లు, బండ్లు తగలబడ్డాయి. ఇంటర్నెట్ ఆపేశారు. అంతకు రెండు రోజుల ముందే, జనవరి 10న, నెట్‌ను ఇష్టం వచ్చినన్ని రోజులు ఆపకూడదని, ఆర్డర్ బయట పెట్టాలని కశ్మీర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు సంగతి మాకు తెలిసే దారేది? నెట్ లేదు కదా!

నేను పత్తి వ్యాపారిని. మిల్లు నుంచి రావాల్సిన డబ్బులు ఆగాయి, రైతులు ఇంటి ముందు కూర్చున్నారు. అది పోనీ. అసలు సంగతి వేరే. నెట్ ఆగితే పుకార్లు ఆగుతాయనుకుంటారు. ఆగలేదు. ఫోన్ కాల్స్‌లో నడిచాయి. "ఫలానా గల్లీలో ఫలానావాళ్లను చంపారట" అని మూడు కాల్స్ నాకే వచ్చాయి. మూడూ అబద్ధం. నెట్ ఉంటే అబద్ధమని ఐదు నిమిషాల్లో చూసుకునేవాడిని. లేదు కాబట్టి రాత్రంతా కర్ర పట్టుకుని గుమ్మంలో కూర్చున్నా. అట్లా కర్ర పట్టుకుని కూర్చున్నవాళ్లే రెండో రోజు గొడవకు సామాను.

అట్లని అస్సలు ఆపొద్దని కూడా అనలేను. ఎవరో తీసిన వీడియో ఒక్కటి గంటలో వెయ్యి మంది చేతుల్లో పడితే ఏమవుతుందో మాకు తెలుసు. 2008లో మా పక్కన వటోలిలో రాత్రి పూట ఒకే కుటుంబంలో ఆరుగురు మంటల్లో కాలిపోయారు. మా ఊరివాళ్లు ఇప్పటికీ ఆ పేరు గట్టిగా పలకరు. కాబట్టి ఆపాలంటే ఒక రాత్రి ఆపండి, ఎందుకో రాసి గోడకు అంటించండి, తహసీల్దార్‌నో ఎస్పీనో మైకులో నిజం చెప్పమనండి. నిజం చెప్పేవాడు లేకుండా నెట్ కట్ చేస్తే చీకట్లో వదిలేసినట్టే. 2024 సెప్టెంబర్‌లో జైనూర్‌లో గొడవలైనప్పుడు కూడా నెట్ ఆపారు. అక్కడ బంధువులకు ఫోన్ చేసి అడిగితే అదే కథ చెప్పారు.

దుబాయ్_జగిత్యాల
ఆదివారం, మధ్యాహ్నం 2:30

మాది జగిత్యాల దగ్గర, ఇక్కడికొచ్చి 9 ఏళ్లు. ఇక్కడ రాత్రి రెండింటికి ఆడపిల్ల ఒంటరిగా నడుస్తుంది. మతం పేరుతో ఒకడు గొంతెత్తడు. మా రూంలో నిజామాబాద్ ముస్లిం, సిరిసిల్ల పద్మశాలి, నేను, ఒకే గిన్నెలో వండుకుంటాం. చూస్తే స్వర్గం.

కానీ ఈ తొమ్మిదేళ్లలో జీతం మూడు నెలలు ఆగినప్పుడు మేం ఫేస్‌బుక్‌లో ఒక్క పోస్టు పెట్టలేదు. భయం. ఎవడు చూస్తాడో, ఎప్పుడు టికెట్ చేతిలో పెడతారో. సెలవులో ఊరికి వచ్చి బస్టాండ్ హోటల్లో గవర్నమెంటును నోరారా తిట్టి వడ తిన్నప్పుడు ఎంత హాయిగా ఉంటుందో మీకు తెలియదు అన్నా. మీరు రోజూ తింటున్నారు కదా.

ఓరుగల్లు_సింహం
ఆదివారం, మధ్యాహ్నం 2:44

అయితే తిరిగి వచ్చేయ్ అన్నా :)

దుబాయ్_జగిత్యాల
ఆదివారం, మధ్యాహ్నం 2:46

అప్పు నువ్వు కడతావా తమ్మీ?

నిర్వాహకుడు
ఆదివారం, మధ్యాహ్నం 3:10

ఇద్దరు కొత్త సభ్యులు పెట్టిన పోస్టులు తీసేశాను. ఒకటి ముస్లింలను, ఇంకొకటి హిందువులను మొత్తంగా తిట్టినవి. రెండింటినీ ఒకే మనిషి రెండు పేర్లతో పెట్టాడనిపిస్తోంది. చర్చ కొనసాగించండి.

కేయూ_స్కాలర్
ఆదివారం, సాయంత్రం 5:20

నేను కాకతీయ యూనివర్సిటీలో చరిత్ర చదువుతున్నా. ఇట్లాంటి చర్చ వస్తే ఎవరో ఒకరు కాజీపేట దర్గా ఉర్సు, పల్లెల్లో పీరీల పండుగ చెప్పి "మనం ఎప్పుడూ కలిసే ఉన్నాం" అని ముగించేస్తారు. ఇంకా ఎవరూ ఆ పని చేయలేదు, సంతోషం. ఎందుకంటే మనం ఎప్పుడూ కలిసి లేం. 1947 సెప్టెంబర్ 2న పరకాలలో జాతీయ జెండా ఎగరేయడానికి వచ్చినవాళ్ల మీద నిజాం పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపారు. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో రజాకార్ల ఊచకోత. మతం, రాజ్యం ఒకే తుపాకీ పట్టుకుంటే ఏమవుతుందో మన తాతలు చూశారు. పోలీసు చర్య అయ్యాక ఆ కోపం సంస్థానంలో ముస్లింల మీదికి మళ్లింది. అప్పుడు చనిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారని ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ రాసింది. మొదటిది బళ్లో చెప్తారు, రెండోది చెప్పరు.

నేను ఎక్కువగా ఆలోచించేది షోయబుల్లా ఖాన్ గురించి. మానుకోట (మహబూబాబాద్) దగ్గర సుబ్రవేడులో పుట్టాడు. హైదరాబాద్‌లో ఇమ్రోజ్ అని ఉర్దూ పత్రిక నడిపాడు. ముస్లిం అయి ఉండి, రజాకార్ల దౌర్జన్యాలను ఎండగట్టాడు, సంస్థానం భారత్‌లో కలవాలని రాశాడు. 1948 ఆగస్టు 21 రాత్రి పత్రిక ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తుంటే దాడి చేసి, కాల్చి, రాసే చేయి నరికారు. 28 ఏళ్లు కూడా నిండలేదు. నల్లకోటు సార్ చెప్పిన కేరళ ప్రొఫెసర్ చేయి చదవగానే ఇదే గుర్తొచ్చింది. ఛాందసుడికి ముందుగా కనపడే శత్రువు పక్క మతంవాడు కాదు, సొంత మతంలో వేరేగా మాట్లాడేవాడు. మసీదు గేటు మీద కెమెరా పెడితే ఆ వేరేగా మాట్లాడేవాడు కూడా అదే ఫ్రేములో "వాళ్లలో ఒకడు" అయిపోతాడు. అతనికి రక్షణ ఏది?

రాజ్యం వైపు కూడా మన ఊరికి అనుభవం ఉంది. 1985 సెప్టెంబర్‌లో నక్సలైట్లు ఒక ఎస్సైని చంపారు. మర్నాడు వరంగల్‌లో పిల్లల డాక్టర్, పౌరహక్కుల సంఘం నాయకుడు రామనాథం గారిని ఆయన క్లినిక్‌లోనే పోలీసులు కాల్చి చంపారు. మా యూనివర్సిటీలోనే లెక్కలు చెప్పిన బాలగోపాల్ గారిని టాడా కింద పెట్టారు. ఆయనే తర్వాతి కాలంలో నక్సలైట్ల హింసను కూడా ప్రశ్నించి, రెండు వైపులా తిట్లు తిన్నారు. ఎవరు చంపినా చంపడమే అన్న మాట ఈ ఊళ్లో చెప్పడం అప్పుడూ తేలిక కాదు.

మాజీ_హెడ్డు
ఆదివారం, రాత్రి 8:10

చెల్లె రాసింది చదివా. 1985లో నేను డ్యూటీలో లేను, కానీ ఆ కథ మా బ్యారక్‌లో ఇంకో రకంగా చెప్పేవాళ్లు. ఇప్పుడు ఆ రకం చెప్పాలనిపించట్లేదు.

ఒక చిన్న సంగతి మాత్రం. 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ప్రతి పోలీస్ స్టేషన్‌లో కెమెరాలు పెట్టాలంది, లాకప్‌తో సహా, మాట కూడా రికార్డయ్యేటట్టు. కాలనీలో కెమెరా అంటే చప్పట్లు కొట్టే మావాళ్లే, లాకప్‌లో కెమెరా అనగానే "అది పాడైంది సార్" అంటారు. తప్పు చేయనివాడికి భయమెందుకన్నది మాకూ వర్తించాలి కదా సింహం.

ఓరుగల్లు_సింహం
ఆదివారం, రాత్రి 8:25

అది ఒప్పుకుంటున్నా హెడ్డు సార్. కానీ నా ప్రశ్న అట్లాగే ఉంది. పీఎఫ్‌ఐ లాంటిది మళ్లీ మా గల్లీలో మొదలైతే ముందు ఎవరు చూస్తారు? కేసు కోర్టులో తేలాలంటారు, సరే. తేలే లోపల?

మండిబజార్_టైలర్
ఆదివారం, రాత్రి 9:15

నేను చూస్తా తమ్మీ. ఊరికే అనట్లేదు. పోయిన ఏడు మా మసీదులో బయటి నుంచి వచ్చిన ఒకాయన ప్రసంగంలో పక్కవాళ్ల పండుగకు పోవడం, మిఠాయి తినడం హరామని ఊగిపోయాడు. నమాజు అయ్యాక మా పెద్దాయన ఒకరు లేచి, "నేను నలభై ఏళ్లుగా బతుకమ్మకు జాకెట్లు కుడుతున్నా, ఆ డబ్బుతోనే హజ్‌కు పోయొచ్చా, అది కూడా హరామేనా?" అని అడిగాడు. అతన్ని మళ్లీ పిలవలేదు. ఇది ఏ కెమెరాలోనూ పడలేదు. పోలీసుకూ తెలియదు. ఇట్లాంటివి అన్ని చోట్లా జరుగుతాయని చెప్పను, కొన్ని చోట్ల పెద్దాయన లేవడు. లేవాలంటే ఆయన వెనక మీలాంటివాళ్లు ఉన్నారని ఆయనకు తెలియాలి.

మీ వైపు కూడా ఒకటి అడుగుతా. గణపతి ఊరేగింపు డీజే మసీదు ముందుకు రాగానే ఎందుకు ఆగుతుంది? ఆ పాటలు ఎవరు ఎంచుతారు? అప్పుడు మీ పెద్దాయన ఎవరైనా లేస్తారా?

ఇద్దరు_పిల్లల_తల్లి
ఆదివారం, రాత్రి 9:31

మా వీధిలో ఎవరూ లేవరు అన్నా. నేను కూడా కిటికీ మూసుకున్నా. నిజం చెప్పాలి కదా.

భైంసా_పత్తి
ఆదివారం, రాత్రి 9:50

2023లో గణేశ్ నిమజ్జనం, మిలాదున్నబీ ఒకే రోజు, సెప్టెంబర్ 28న పడ్డాయి. హైదరాబాద్‌లో ముస్లిం పెద్దలు కూర్చుని తమ జులూస్‌ను అక్టోబర్ 1కి మార్చుకున్నారు. ఆ రోజు ఎన్ని బందోబస్తు వ్యాన్లు మిగిలాయో లెక్కేయండి. సెక్యూరిటీ అంటే ఇది కూడా. అయితే ప్రతిసారీ వాళ్లే ఎందుకు మార్చుకోవాలన్నది మా ఊళ్లో ఒక ముస్లిం దోస్తు అడిగాడు. జవాబు చెప్పలేకపోయా.

నల్లకోటు_హన్మకొండ
సోమవారం, ఉదయం 8:05

సెక్రటరీ గారూ, మీటింగ్‌కు ముందు ఒక మాట. కెమెరా ఎక్కడ అన్నదాని కంటే రికార్డింగ్ ఎవరి దగ్గర అన్నది పెద్ద ప్రశ్న. తాళం ఎవరిది, ఎన్ని రోజులకు చెరిపేస్తారు, ఎవరు అడిగితే ఇస్తారు, ఇచ్చినట్టు ఎక్కడ రాస్తారు. ఈ నాలుగూ తీర్మానంలో లేకపోతే సంతకం పెట్టకండి. స్టేషన్ నుంచి అడిగితే రాతపూర్వకంగా అడగమనండి. నేర విచారణకు కావాలంటే తప్పకుండా ఇవ్వాలి, అడ్డం పడొద్దు.

కాలనీ_సెక్రటరీ
తర్వాతి ఆదివారం, రాత్రి 10:05

మీటింగ్ ఇప్పుడే అయింది. మూడు గంటలు. ఒకరు లేచి వెళ్లిపోయారు, ప్రెసిడెంట్ గారు నాతో మాట్లాడటం లేదు.

నాలుగో కెమెరా గల్లీ మొదట్లో కిరాణా కొట్టు మూలకు మారింది. గల్లీలోకి వచ్చే బండి నంబరు కనిపిస్తుంది, మసీదు గేటు కనిపించదు. ఏసీ బాగుచేసే మనిషినీ, మసీదు కమిటీ పెద్దాయననూ మీటింగ్‌కు నేనే పిలిచాను. ఇన్నేళ్లలో వాళ్లను సంఘం మీటింగ్‌కు పిలవడం ఇదే మొదటిసారని అక్కడ కూర్చున్నాకే గుర్తొచ్చింది, సిగ్గేసింది. పెద్దాయన తమ గేటు లోపల తామే ఒక కెమెరా పెట్టుకుంటామన్నారు. మాకంటే ముందే అనుకున్నారట, డబ్బులు కుదరలేదట. రికార్డర్ సంఘం గదిలో ఉంటుంది. తాళాలు మూడు, ఒకటి ఆయన దగ్గర. 30 రోజులకు చెరిగిపోతుంది. ఎవరు ఎందుకు చూశారో రిజిస్టర్‌లో రాయాలి.

పిల్లల లిస్టు పోయింది. హెడ్డు సార్ రాసింది పేరు చెప్పకుండా చదివి వినిపించాను, దాంతో పోయింది. ఆధార్ జిరాక్స్‌ల మీద ఓటింగ్ పెట్టారు. అద్దెకుండే అందరివీ తీసుకోవాలని తేలింది, ఒక్క గల్లీవి కాదు. అది నాకు ఇప్పటికీ నచ్చలేదు, కానీ ఓడిపోయాను. జిరాక్స్‌లు సంఘం దగ్గర కాదు, ఓనర్ల దగ్గరే ఉండాలన్న మాట మాత్రం నెగ్గింది.

రిజిస్టర్‌లో అప్పుడే మొదటి ఎంట్రీ పడింది. గుడి ముందు పోయిన చెప్పులు.

ఓరుగల్లు_సింహం
తర్వాతి ఆదివారం, రాత్రి 10:20

చెప్పులు దొరికాయా సార్?

కాలనీ_సెక్రటరీ
తర్వాతి ఆదివారం, రాత్రి 10:24

పంతులు గారి మనవడు వేసుకుపోయాడు.

కేయూ_స్కాలర్
తర్వాతి ఆదివారం, రాత్రి 10:31

సార్, చాయ్ తాగుతూ అనుకున్న ఆ అద్దె మాట సంగతి?

కాలనీ_సెక్రటరీ
తర్వాతి ఆదివారం, రాత్రి 10:48

అది కాగితం మీద లేదు కదమ్మా, కాబట్టి కొట్టేయడానికీ వీలు కాలేదు. నేనే లేచి అడిగాను. "అట్లా ఎవరన్నారు?" అని అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మా పక్క వీధిలో ఒక పోర్షన్ ఖాళీ అయింది, టు-లెట్ బోర్డు వేలాడుతోంది. ఓనర్ మీటింగ్‌లోనే ఉన్నాడు, ఏమీ మాట్లాడలేదు.

మండిబజార్_టైలర్
తర్వాతి ఆదివారం, రాత్రి 11:02

రెండు బెడ్‌రూములా సార్? మా చెల్లెలు వాళ్లు ఆరు నెలలుగా హనుమకొండలో ఇల్లు వెతుకుతున్నారు. బావ ప్రైవేట్ స్కూల్లో సైన్స్ టీచరు. కిరాయి ఎంత?

కాలనీ_సెక్రటరీ
తర్వాతి ఆదివారం, రాత్రి 11:09

9,500. పర్సనల్ మెసేజ్ చూడండి భాయ్. రేపు సాయంత్రం నేను కూడా వాళ్లతో వస్తా.